టేక్ అంటే తీసుకోవడమేనా? ఒక్క ఇంగ్లీషు క్రియను గట్టిగా పట్టుకునే పద్ధతి

ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకునేవాళ్లకు 'టేక్' మొదటి వారంలోనే ఎదురవుతుంది. పక్కన 'తీసుకొను' అని రాసుకుని పేజీ తిప్పేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీర కొని ఇంటికొచ్చి 'ఐ టుక్ దిస్ సారీ ఫ్రమ్ దట్ షాప్' అంటే, ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవారికి డబ్బివ్వకుండా పట్టుకొచ్చేశారేమో అనిపిస్తుంది. అదే చీరను కొట్లో మడత విప్పించి, అంచు చూసి, బేరం తెగాక 'ఐల్ టేక్ ఇట్' అంటే మాత్రం నిక్షేపంలాంటి ఇంగ్లీషు. ఒకే క్రియ, ఒకే చీర. ఒకచోట తప్పు, ఇంకోచోట ఒప్పు ఎందుకయిందో తెలియాలంటే రెండు భాషల్లోనూ ఈ మాట పుట్టుక దాకా వెళ్లాలి. అది తెలిస్తే వందల వాడుకలు బట్టీ పట్టాల్సిన పని చాలావరకు తప్పుతుంది.

మాట ఎక్కడిది

'టేక్' అసలు ఇంగ్లీషు మాట కాదు. స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల భాష, అంటే పాత నోర్సుది. అందులో దీని రూపం 'టాకా'. ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ 'టాకా' అనే అంటారు, స్వీడన్‌లో అరిగిపోయి 'తా' అయింది. వైకింగులు 793లో ఇంగ్లండు తీరంలోని లిండిస్ఫార్న్ మఠం మీద పడ్డారు. తర్వాతి వందేళ్లలో తూర్పు, ఉత్తర ఇంగ్లండులో ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. 1016లో డెన్మార్క్ రాకుమారుడు క్నూట్ ఏకంగా ఇంగ్లండుకే రాజయ్యాడు. ఇరుగుపొరుగుగా బతికిన ఆ కాలంలో వాళ్ల మాటలు ఇంగ్లీషులో కలిసిపోయాయి. ఎగ్, స్కై, విండో, నైఫ్, లా, చివరికి 'దే', 'దెమ్' కూడా అలా వచ్చినవే. టేక్ 11వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లీషు రాతల్లోకి ఎక్కింది.

అంతకుముందు ఇంగ్లీషువాళ్లు తీసుకోవడాన్ని 'నిమన్' అనేవారు. జర్మన్‌లోని 'నేమెన్' దానికి తోబుట్టువే. టేక్ వచ్చాక మూడు నాలుగు శతాబ్దాల్లో నిమన్ మూలకు చేరి, చివరికి 'నిమ్' అనే పొట్టి రూపంలో దొంగల పరిభాషలో 'కొట్టేయడం' అనే అర్థానికి దిగజారింది. అయినా దాని పిల్లలు రెండు ఈ రోజుకీ మన నోట పలుకుతున్నాయి. ఒకటి 'నింబుల్', చురుకైన అని. దాని అసలు అర్థం చప్పున అందిపుచ్చుకునే. రెండోది 'నమ్', మొద్దుబారిన అని. ఇది నిమన్‌కు భూతకాల విశేషణం, అంటే 'పట్టబడిన'. స్పెల్లింగు చివర పలకని 'బి' ఆ తర్వాత వచ్చి చేరింది. మనం కాలికి తిమ్మిరి 'పట్టింది' అంటాం కదా, అక్కడా ఇదే ఊహ.

మన మాటను విప్పి చూస్తే

'తీసుకొను'లో రెండు క్రియలున్నాయి: తీయు, కొను. తీయు అంటే లాగడం, ఉన్నచోటు నుంచి బయటికి తేవడం. కొను ఇప్పుడు డబ్బిచ్చి తెచ్చుకోవడానికే మిగిలింది గానీ, పాత తెలుగులో దాని అర్థం స్వీకరించడం, గ్రహించడం. తమిళంలోని 'కొళ్' దీని అక్కచెల్లెలే. పద్యాల్లో 'కొనిపోయెను' అంటే తీసుకుపోయాడని, 'గైకొను' అంటే చేతితో అందుకోవడమని. వాడుక మాటలో 'కొనితెచ్చుకున్న తంటా'లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది.

అంటే రెండు భాషల్లోనూ పాత మాట ఒకటి పక్కకు జరిగింది. ఇంగ్లీషు నిమ్ డబ్బివ్వకుండా తీసుకోవడంగా ముగిసింది. తెలుగు కొను డబ్బిచ్చి తీసుకోవడంగా స్థిరపడింది. ఆ కొను వాసన తీసుకొనులో ఇంకా ఉంది కాబట్టే 'చీర తీసుకున్నాం', 'ఫ్రిజ్ తీసుకున్నాం' అంటే కొన్నామని మనకు ఠక్కున అర్థమవుతుంది. టేక్‌కు ఆ వాసన లేదు. పైగా, ఇంకో క్రియకు తోకగా చేరిన 'కొను' తనకోసం అనే అర్థాన్ని ఇస్తుంది: చేసుకొను, రాసుకొను, కట్టుకొను. అందుకే ఎదుటివాళ్లు ఇచ్చినదైనా, మనం సంపాదించినదైనా, మన దగ్గరికి చేరితే చాలు, తీసుకున్నాం అనేస్తాం. టేక్ అలా కాదు. అది చేయి చాచి పట్టుకునే మాట. దీని దూరపు చుట్టం ఒకటి, ఇంగ్లీషు కుటుంబానికే చెంది ఇప్పుడు అంతరించిన గోథిక్ భాషలో ఉంది, 'టేకాన్'. దానికి ముట్టుకోవడమనే అర్థం.

కాబట్టి నోటు పుస్తకంలో టేక్ పక్కన 'తీసుకొను' కొట్టేసి 'పట్టు' అని రాసుకోండి. ఈ చిన్న మార్పుతో ఎంత సాఫీ అవుతుందో చూడండి.

'పట్టు' పెట్టి చూడటం

గుంటూరు చేరడానికి గంట పట్టింది: 'ఇట్ టుక్ ఎన్ అవర్ టు రీచ్ గుంటూరు'. బిందెలో పది లీటర్లు పడతాయి: 'ద పాట్ టేక్స్ టెన్ లీటర్స్'. అడవి దారి పట్టాడు: 'హి టుక్ ద ఫారెస్ట్ పాత్'. కోటను పట్టుకున్నారు: 'దే టుక్ ద ఫోర్ట్'. తెలుగులో ఎక్కడా తీసుకోవడం లేదు, అన్నిచోట్లా పట్టడమే. ఇంగ్లీషులో అన్నిచోట్లా టేక్.

చదరంగం ఇందుకు చక్కని ఉదాహరణ. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక వంటి గ్రాండ్‌మాస్టర్లను ఇచ్చిన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పిల్లలు బోర్డు ముందు 'గుర్రాన్ని చంపేశా' అనో 'కొట్టేశా' అనో అంటారు. ఇంగ్లీషులో 'ఐ టుక్ ద నైట్'. చేయి చాచి, అవతలివాడి పావును పట్టి, బోర్డు మీద నుంచి తీసేయడం. టేక్ అసలు బొమ్మ ఇదే. కొత్త వాడుక ఎదురైనప్పుడల్లా ఈ చేతిని గుర్తు చేసుకోండి.

తెలుగులో ఒట్టి 'తీయు' ఉన్నచోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఫోటో తీయడం టేకే, ఐదు వికెట్లు తీయడమూ టేకే, ప్రాణం తీయడమూ టేకే. తలుపు తీయడం 'ఓపెన్'. బియ్యంలో రాళ్లు తీయడం 'పిక్ అవుట్'. సినిమా తీయడం 'మేక్', 'హి టుక్ ఎ మూవీ' అనకూడదు. ఆ సినిమాలో ఒక్కో షాటును ఎన్నిసార్లు తీశారో ఆ లెక్కకు మాత్రం టేక్ నామవాచకంగా వస్తుంది. 'రెండో టేక్ ఓకే' అని మనవాళ్లు అనేది అదే.

ఎక్కువగా జారే చోట్లు

అన్నిటికంటే ముందు తీసుకురావడం, తీసుకెళ్లడం. రెండింటిలోనూ 'తీసుకు' ఉండటంతో 'టేక్ అండ్ కమ్' అనే మాట పుట్టింది. ఇది ఇంగ్లీషులో లేదు. తెలుగు క్రియ చివర ఏముందో చూడండి. 'వచ్చు' ఉంటే బ్రింగ్, 'వెళ్లు' ఉంటే టేక్. గొడుగు తీసుకురా: 'బ్రింగ్ ది అంబ్రెల్లా'. గొడుగు తీసుకెళ్లు: 'టేక్ ది అంబ్రెల్లా'. ఫోనులో 'మీ ఇంటికి పుస్తకం తీసుకొస్తానండీ' అంటే, కదిలేది మనమే అయినా, తెలుగులో వచ్చు వాడాం కాబట్టి ఇంగ్లీషులోనూ బ్రింగే. ఈ విషయంలో రెండు భాషలూ ఒకే దిక్కు చూస్తాయి, భయం లేదు. 'వెళ్లి తీసుకురా' అని పంపితే 'గో అండ్ గెట్'.

తర్వాతది మందులు. తెలుగులో టాబ్లెట్ వేసుకుంటాం, మందులు వాడతాం. దాన్నే మార్చి 'ఐ యామ్ యూజింగ్ టాబ్లెట్స్ ఫర్ బీపీ' అంటారు. మన ఊరి డాక్టరుకు ఇబ్బంది లేదు గానీ, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు అక్కడి ఆసుపత్రిలో ఇలా అనకపోవడం మంచిది. అక్కడి వాడుకలో 'యూజింగ్' మత్తుపదార్థాలకు కూడా వాడే మాట. నోట్లో వేసుకునే ఏ మందుకైనా టేక్ చాలు: 'ఐ టేక్ వన్ టాబ్లెట్ ఇన్ ద మార్నింగ్, ఆఫ్టర్ ఫుడ్'. జ్వరం చూడటం, బీపీ చూడటం కూడా టేకే: 'ద నర్స్ టుక్ మై టెంపరేచర్'. ఇక్కడ 'సీ' పనికిరాదు.

దొరికినవి, వచ్చినవి, ఇచ్చినవి టేక్‌లోకి రావు. మార్కులు తెచ్చుకున్నాడు, జీతం తీసుకుంటున్నాడు, పుట్టినరోజుకు వాచీ వచ్చింది, వీటన్నిటికీ 'గెట్'. చేయి చాచింది ఎవరో చూసుకోండి. మనమైతే టేక్, వస్తువే మన దగ్గరికి వస్తే గెట్. స్నేహితుడి దగ్గర 500 రూపాయలు తీసుకున్నామంటే 'బారో'. 'ఐ టుక్ 500 రుపీస్ ఫ్రమ్ హిమ్' అంటే తిరిగి ఇచ్చే ఆలోచన ఉన్నట్టు అందులో ఎక్కడా లేదు. బ్యాంకు అప్పుకైతే 'టేక్ ఎ లోన్' అనొచ్చు, అక్కడ లోన్ అనే మాటే తిరిగి ఇవ్వాలని చెప్పేస్తోంది.

చీర సంగతి ఇప్పుడు తేలిపోతుంది. కొట్లో నిలబడి 'ఐల్ టేక్ ఇట్' అన్నప్పుడు, ఎదురుగా పరిచిన వాటిలోంచి చేయి చాచి ఒకదాన్ని ఎంచుకుంటున్నాం. అది టేక్ పనే, డబ్బు సంగతి కౌంటరు దగ్గర ఎలాగూ వస్తుంది. ఇంటికొచ్చాక చెప్పేది కొనుగోలు గురించి. అప్పుడు 'బాట్' లేదా 'గాట్'.

తిండి దగ్గర కొంచెం సున్నితం. 'టిఫిన్ తీసుకున్నారా' అని మర్యాదగా అడిగే అలవాటుతో 'డిడ్ యూ టేక్ బ్రేక్‌ఫాస్ట్' అంటాం. అర్థమవుతుంది, పాతకాలపు పుస్తకాల్లో కనిపిస్తుంది కూడా. ఇప్పటి వాడుక 'హావ్'. 'డూ యూ టేక్ షుగర్' మాత్రం ఇప్పటికీ సరైనదే, అది కాఫీలో పంచదార వేసుకునే అలవాటుందా అని అడగడం.

పరీక్ష రాయడానికి బ్రిటన్‌లో 'సిట్' గానీ 'టేక్' గానీ, అమెరికాలో 'టేక్'. 'రైట్ ఎన్ ఎగ్జామ్' మన దేశంలో అందరికీ తెలిసిందే, ఇక్కడి ఇంటర్వ్యూలో వాడినా ఎవరూ తప్పు పట్టరు. నిర్ణయానికి బ్రిటిష్ వాడుకలో టేక్, మేక్ రెండూ చెల్లుతాయి, అమెరికన్లు దాదాపుగా మేక్ అనే అంటారు.

ఇంకొక చిన్న లోపం ఉంది. దీన్ని సరిదిద్దుకోవడం తేలిక. 'టేక్ రెస్ట్' కాదు, 'టేక్ ఎ రెస్ట్' లేదా 'గెట్ సమ్ రెస్ట్'. వాక్, బ్రేక్, నాప్, బ్రెత్, బాత్ వీటన్నిటికీ టేక్ తర్వాత 'ఎ' తప్పనిసరి. ఒక విడత, ఒక దఫా అని చెప్పే 'ఎ' అది. 'టేక్ కేర్', 'టేక్ పార్ట్', 'టేక్ ప్లేస్' లాంటి గట్టిపడిన జంటల్లో 'ఎ' రాదు. ఇవి కొన్నే కాబట్టి విడిగా నేర్చుకోవాలి.

టుక్, టేకెన్

టేక్, టుక్, టేకెన్. ఈ అచ్చు మార్పు నోర్సులోనే ఉంది, దాంతో పాటే ఇంగ్లీషుకు వచ్చింది. షేక్, షుక్, షేకెన్ ఇదే వరస. బేక్ కూడా ఒకప్పుడు ఈ వరసలోదే, తర్వాత 'బేక్డ్' అయిపోయింది. మేక్ ఎప్పుడూ ఇందులో లేదు. ప్రాసను నమ్ముకుంటే మోసపోతాం. 'టుక్'లో ఉకారం పొట్టిది, 'టూక్' అని సాగదీయకండి. 'హావ్' తర్వాత ఎప్పుడూ టేకెనే: 'ఐ హావ్ టుక్' తప్పు.

ముందు ఏ మాట అతికినా ఈ వరస మారదు. ఓవర్‌టేక్ చేస్తే 'ఓవర్‌టుక్'. 'లారీ ఓవర్‌టేక్డ్ అస్' అనడం హైవే మీద రోజూ వినిపించే పొరపాటు. అండర్‌టేక్ చేస్తే 'అండర్‌టుక్'. మిస్టేక్ కూడా నోర్సు 'మిస్టాకా' నుంచే, పొరపాటున పట్టుకోవడం అని. క్రియగా వాడితే 'ఐ మిస్టుక్ హిమ్ ఫర్ హిజ్ బ్రదర్', అతన్ని చూసి వాళ్ల అన్నయ్య అనుకున్నాను అని.

తోక మారితే అర్థం మారుతుంది

ఆఫ్, ఆన్, ఇన్, అవుట్, అప్, ఓవర్, ఆఫ్టర్, ఇవి టేక్‌కు తోకలు. తోక దిక్కు చెబుతుంది, చేయి అటు కదులుతుంది. 'ఆఫ్' అంటే అంటుకున్న చోటు నుంచి విడివడటం. ఇంద్రకీలాద్రి మెట్ల దగ్గర చెప్పులు విప్పడం 'టేక్ ఆఫ్', గన్నవరంలో విమానం రన్‌వేను వదలడం 'టేక్ ఆఫ్', బిల్లులో వంద తగ్గించడం 'టేక్ ఎ హండ్రెడ్ ఆఫ్', సోమవారం సెలవు పెట్టడం 'టేక్ మండే ఆఫ్'. నాలుగింటిలోనూ ఉన్నది ఊడదీయడమే.

'ఇన్' అంటే లోపలికి. దర్జీ దగ్గర బ్లౌజు వదులైతే పక్కన కుట్టు వేసి బిగించడం 'టేక్ ఇన్' (బిగుతైనదాన్ని కుట్టు విప్పి వదులు చేయడం 'లెట్ అవుట్'). పాఠం బుర్రకెక్కించుకోవడం, ఇంట్లో ఎవరికైనా ఆశ్రయమివ్వడం కూడా 'టేక్ ఇన్'. మాయమాటలతో బుట్టలో వేసుకోవడమూ అదే. మన 'బుట్టలో' అనే మాటలోనూ ఉన్నది లోపలికే. 'ఆన్' అంటే మీదికి, బాధ్యత నెత్తికెత్తుకోవడం. 'ఓవర్' అంటే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పగ్గాలు రావడం. 'అప్' అంటే కొత్తగా ఒక పని చేపట్టడం. 'ఆఫ్టర్' అంటే పోలిక రావడం: 'షి టేక్స్ ఆఫ్టర్ హర్ గ్రాండ్‌మదర్'. పోలిక ఎప్పుడూ పైతరం నుంచి కిందికే. మనవరాలు నాయనమ్మను పోలుతుంది గానీ, నాయనమ్మ మనవరాలిని 'టేక్ ఆఫ్టర్' చేయదు.

చాలామంది ఇక్కడ 'ఇట్' ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోతారు. 'టేక్ ఆఫ్ యువర్ షూస్', 'టేక్ యువర్ షూస్ ఆఫ్' రెండూ ఒప్పే. షూస్ బదులు సర్వనామం పెడితే ఒక్కటే దారి: 'టేక్ దెమ్ ఆఫ్'. 'టేక్ ఆఫ్ దెమ్' అనకూడదు. కారణం, ఇక్కడ ఆఫ్ క్రియకు చెందిన మాట, వస్తువుకు చెందింది కాదు. 'ఆఫ్టర్' దీనికి తిరకాసు. అది తన తర్వాత వచ్చే మనిషిని పట్టుకుని ఉంటుంది, కాబట్టి 'టేక్స్ ఆఫ్టర్ హర్' అనాలి, 'టేక్స్ హర్ ఆఫ్టర్' కుదరదు. ఆఫ్, ఇన్, ఆన్, అవుట్, అప్, ఓవర్, బ్యాక్ మధ్యలో చోటిస్తాయి, ఆఫ్టర్ ఇవ్వదు. 'టు' కూడా ఇవ్వదు. 'షి టుక్ టు హిమ్', అతను ఆమెకు చూడగానే నచ్చాడు.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల్లో విద్యార్థుల కోసం వేసిన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువులు దొరుకుతాయి. కొనే ముందు అక్కడే నిలబడి టేక్ పేజీ తెరవండి. 'టేక్ ఆఫ్' దగ్గర రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు కనిపిస్తే, వస్తువును మధ్యలో పెట్టొచ్చని ఆ నిఘంటువు చెబుతోంది. 'ఎస్‌టీహెచ్' అని ఉంటే సంథింగ్, 'ఎస్‌బీ' ఉంటే సంబడీ. ఇవేవీ లేకుండా తెలుగు అర్థాలు మాత్రమే వరసగా ఇచ్చిన పుస్తకం చదివేటప్పుడు అర్థం తెలుసుకోవడానికి పనికొస్తుంది, మాట్లాడటానికి సరిపోదు.

సాధనకు ఒక లాంగ్ సైజు పుస్తకంలో పది పేజీలు చాలు. ఎడమ పేజీలో తెలుగు వాక్యం, కుడి పేజీలో ఇంగ్లీషు. ఎడమ వైపు వాక్యంలో 'తీసుకొను' రానివ్వకండి. పట్టు, విప్పు, వేసుకో, తీయు, ఎక్కు, చేపట్టు, పుచ్చుకో, పోలు లాంటి మాటలతోనే రాయండి. రోజుకు ఐదు వాక్యాలు, అంతకు మించొద్దు. వారం తర్వాత కుడి పేజీ మూసి నోటితో చెప్పండి. తడబడిన వాక్యం పక్కన గీత పెట్టి, మర్నాటి ఐదింటిలో దాన్ని మొదట రాయండి. ఇంట్లో ఇంకొకరుంటే 'ఇచ్చిపుచ్చుకోవడం' ఆట ఆడండి. ఒకరు తెలుగు వాక్యం చెబుతారు, రెండోవారు రెండు సెకన్లలో టేక్, గెట్, బ్రింగ్, హావ్‌లలో ఒకదాన్ని ఎంచాలి. పూర్తి వాక్యం తర్వాత. మాట్లాడేటప్పుడు ముందు తప్పేది క్రియే కాబట్టి ముందు దాన్ని తేల్చుకోవాలి.

అన్నట్టు, 'గివ్ అండ్ టేక్'లో గివ్ కూడా సగం నోర్సుదే. పాత ఇంగ్లీషులో దాని మొదటి అక్షరం 'య'లా పలికేది. ఇప్పుడు మనం పలికే గట్టి 'గ' వైకింగుల పలుకుబడి వల్ల వచ్చింది.